కొన్న సిఫారసు చెల్లలేదు... ఊరి మాటే నిలబెట్టింది

పూతరేకుల దుకాణం వెబ్‌సైటు నేర్పిన పాఠం

ఆత్రేయపురం: పండుగ పది రోజుల్లోకి వచ్చిందంటే ఈ ఊళ్లో కుండ కింద మంట ఆరదు. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి అలా పరిచి తీస్తే చాలు, కాగితం కన్నా పలచని రేకు లేచి వస్తుంది. రేకు తీసేవారు ఒకరు. నెయ్యి రాసి, పంచదారో బెల్లం పొడో చల్లి మడిచేవారు మరొకరు. పెట్టెల్లో సర్దేవారు ఇంకొకరు. ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. అలాంటి రోజుల్లో, 2024 దసరా ముందు, ఇక్కడి ఒక చిన్న దుకాణంలో ఖాళీ అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చి ఉండిపోయాయి. పార్సిళ్లకని తెప్పించిన పెట్టెలవి. పార్సిళ్లు లేవు.

సరుకులో లోపం లేదు. రేకు తీసే చెయ్యి మారలేదు. నెయ్యి కొనే చోటు మారలేదు. మారిందల్లా ఒక్కటే. అంతకుముందు గూగుల్‌లో వెతికితే మొదటి పేజీలో కనిపించే ఆ దుకాణం వెబ్‌సైటు ఉన్నట్టుండి మాయమైపోయింది. దాన్ని మాయం చేసింది పోటీదారు కాదు. డబ్బు పెట్టి తాము కొనుక్కున్న సిఫారసులే.

పేరు రాయవద్దని ఆ దుకాణదారు కోరారు. "నా పేరెందుకు లెండి బాబూ. నాలా ఇంకొకళ్లు మోసపోకుండా ఉంటే అదే పదివేలు" అన్నారాయన. చిన్న వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టుకున్నవారు, పెట్టుకోవాలనుకుంటున్నవారు మన ప్రాంతంలో నానాటికీ పెరుగుతున్నారు. కనుక ఈ ఉదంతం తెలుసుకోదగినది.

మీరు ఎవరి తాలూకండీ?

కొత్త ఊళ్లో ఇల్లు అద్దెకు అడిగితే ఇంటివారు వేసే మొదటి ప్రశ్న, "మీరు ఎవరి తాలూకండీ?" అని. మన గురించి మనం ఎంత గొప్పగా చెప్పుకున్నా వినరు. ఆ ఊళ్లో వారికి తెలిసిన మనిషి ఒకరు "వాళ్లు మాకు తెలుసు, మంచివాళ్లే" అంటే చాలు, తాళం చెవి చేతికొస్తుంది.

ఇంటర్నెట్‌లోనూ జరిగేది ఇదే. ఒకరి వెబ్‌సైటు పేజీలో మన వెబ్‌సైటు పేరు పెట్టి, దాని మీద నొక్కితే మన దగ్గరికి వచ్చేలా దారి వేస్తే, దాన్నే బ్యాక్‌లింకు అంటారు. అంటే ఒకరు మన తరఫున చెప్పే మాట. 1998లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను ఈ సూత్రం మీదే నిలబెట్టారు. ఆ లెక్కకు పేజ్‌ర్యాంక్ అని పేరు. ఒక పరిశోధన వ్యాసాన్ని తర్వాతివారు ఎందరు ఉదహరించారో చూసి దాని విలువ కట్టడం పండితుల్లో పాత ఆచారం. ఆ పద్ధతినే వీరు వెబ్ పేజీలకు వర్తింపజేశారు.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, అందరి మాటకూ ఒకే తూకం ఉండదు. పదిమంది నమ్మే చోటు నుంచి వచ్చిన ఒక్క లింకు, ఎవరికీ తెలియని చోట్ల నుంచి వచ్చిన వంద లింకుల కన్నా బరువైనది. రెండోది, ఒక పేజీ ఎంత ఎక్కువమందికి లింకులిస్తే ఒక్కొక్కరికి దక్కే వాటా అంత తగ్గుతుంది. కనిపించిన ప్రతివాడినీ "మంచివాడే" అనే మనిషి మాటకు ఊళ్లో విలువ ఉంటుందా? ఇదీ అంతే. నేడు గూగుల్ పేజీల వరుసను తేల్చేందుకు ఇంకా ఎన్నో అంశాలను లెక్కలోకి తీసుకుంటోంది. అయినా లింకుల మాట పూర్తిగా పక్కకు పోలేదు.

పదిహేను వేలకు వెయ్యి లింకులు

ఈ దుకాణదారు వెబ్‌సైటు పెట్టింది 2021లో. కరోనా రోజుల్లో అంగడికి వచ్చేవారు తగ్గిపోతే, మేనల్లుడు ఒకడు ఓపిగ్గా కూర్చుని తయారుచేసి పెట్టాడు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు పత్రికల్లో మారుమోగింది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌ల నుంచి ఆర్డర్లు పెరిగాయి. అదే సమయంలో ఊళ్లో వెబ్‌సైట్లూ పెరిగాయి. ఈయన పేజీ మొదటి వరుసల నుంచి కాస్త కిందికి జారింది.

సరిగ్గా అప్పుడే, 2024 వేసవిలో, నగరం నుంచి ఒక ఫోను వచ్చింది. "మీ సైటుకు లింకులు లేవండీ. పదిహేను వేలిస్తే నెలలో వెయ్యి లింకులు వేయిస్తాం. మొదటి స్థానం గ్యారంటీ" అన్నాడట అవతలి మనిషి. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది. దసరా, దీపావళి ముందున్నాయి. "పదిహేను పోతే పోయింది, పండక్కి యాభై వస్తుందనుకున్నానండీ" అంటూ తలపట్టుకున్నారాయన.

వెయ్యి లింకులూ వచ్చాయి. మొదటి నెల వరుసలో కాస్త పైకి కూడా ఎగబాకింది. ఆ మనిషి మరో ఐదు వేలు పట్టుకెళ్లాడు. సెప్టెంబరు వచ్చేసరికి దుకాణం పేరు కొట్టినా సైటు కానరాలేదు. ఫోను చేస్తే అటునుంచి సమాధానం లేదు.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆయన కుమార్తె దసరా సెలవులకు ఇంటికొచ్చి కూర్చుని చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆ వెయ్యి లింకుల్లో పూతరేకులకు సంబంధించినది ఒక్కటీ లేదు. పరదేశపు జూదం సైట్లు, పేరూ ఊరూ లేని వ్యాసాల గుట్టలు, ఎవరో వదిలేసి పోయిన పాత సైట్లు. అన్నిటిలోనూ ఒకే మాట, అక్షరం పొల్లుపోకుండా, "ఉత్తమ పూతరేకులు ఆన్‌లైన్‌లో కొనండి" అని ఇంగ్లీషులో. "వెయ్యి మంది ఒకే మాట ఒకే గొంతుతో చెబితే సాక్ష్యం అంటారా అన్నయ్యా? నేర్పించి తెచ్చిన సాక్షులని జడ్జికి ఇట్టే తెలిసిపోదూ!" అని ఆ అమ్మాయి నాతో అంది.

ఇంకొక పొరపాటూ ఉంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే ఖాతాలో సైటు యజమానికి హెచ్చరికలు వస్తాయి. "మీ సైటుకు అసహజమైన లింకులున్నాయి" అన్న నోటీసు ఆగస్టులోనే వచ్చి ఉంది. కానీ ఆ ఖాతాను నగరం మనిషి తన ఈమెయిల్ మీద తెరిచాడు. నోటీసు అతనికి చేరింది. ఇల్లు మనది, తాళాలు అతనివి!

దొరికినవారిలో పెద్దలూ ఉన్నారు

లింకులు కొని పైకి రావాలనుకోవడం ఈ దుకాణంతో మొదలు కాలేదు. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ 2010 పండుగల అమ్మకాల వేళ దుస్తులు మొదలు దుప్పట్ల దాకా ఎన్నో మాటలకు గూగుల్‌లో అగ్రస్థానాన నిలిచింది. దాని వెనుక సంబంధంలేని వందలాది సైట్లలో వేసిన వేలాది లింకులున్నట్టు 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకున్నాక ఆ సంస్థ పేజీలు అడుగుకు పడిపోయాయి.

అంతకన్నా విశేషం 2012 జనవరిలో జరిగింది. గూగుల్ సొంత సరుకైన క్రోమ్ బ్రౌజర్ ప్రచారంలో భాగంగా డబ్బులిచ్చి రాయించిన కొన్ని పేజీల వ్యవహారం బయటకు పొక్కింది. గూగుల్ తన క్రోమ్ పేజీనే శిక్షించి 60 రోజులకు తగ్గకుండా వరుసలో కిందికి తోసింది. తీర్పు చెప్పేవాడు కన్నకొడుకుకూ అదే తీర్పు చెప్పినట్టు.

2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే పేరుతో గూగుల్ ఒక వడపోత తెచ్చింది. కొన్న లింకులు, అల్లిన లింకులను పట్టుకోవడమే దాని పని. 2016 నుంచి అది ఎల్లవేళలా నడిచే లెక్కలో భాగమైంది. అప్పటినుంచి చెత్త లింకులు చాలామటుకు శిక్షకు కాక, లెక్కకు రాకుండా పోతున్నాయి. అంటే పెట్టిన డబ్బు గోదాట్లో పోసినట్టే. అయితే డబ్బిచ్చి లింకులు వేయించినట్టు మనుషులు పరిశీలించి తేలిస్తే మాత్రం శిక్ష తప్పదు. ఈ దుకాణానికి పడింది అదే.

ముందు కసవు ఊడ్చారు

కుమార్తె చేసిన మొదటి పని సెర్చ్ కన్సోల్ ఖాతాను తండ్రి పేరుకు మార్పించుకోవడం. సైటు పేరు, అంటే డొమైన్, మేనల్లుడు పూర్వమే తన మామ పేరున రాయించి ఉండడం అదృష్టం. అదీ నగరం మనిషి చేతిలో పడి ఉంటే కథ కంచికి వెళ్లేదే.

తర్వాత లింకుల జాబితా మొత్తం దింపుకుని, ఒక్కొక్క సైటువారికీ "మా లింకు తీసేయండి" అని రాసింది. ఎక్కువమంది పలకలేదు. పలకని వాటిని ఒక చిన్న ఫైలులో రాసి "ఈ లింకులతో మాకు సంబంధం లేదు, లెక్కలోకి తీసుకోవద్దు" అని గూగుల్‌కు అప్పగించింది. దీనిని డిసవౌ అంటారు. ఈ ఏర్పాటు 2012 అక్టోబరులో వచ్చింది. ఆ తర్వాత జరిగినదంతా దాచకుండా రాసి, పునఃపరిశీలన కోరుతూ అర్జీ పెట్టింది. మొదటిసారి తిరస్కరించారు. మరి కొన్ని తీయించి మళ్లీ పెట్టింది. 2025 జనవరి నెలాఖరుకు శిక్ష ఎత్తివేసినట్టు కబురు వచ్చింది. సంక్రాంతి కూడా దాటిపోయింది.

ఇక్కడొక జాగ్రత్త. నోటీసు రానివారు, లింకులు కొననివారు ఈ డిసవౌ జోలికి పోనవసరం లేదు. అక్కడక్కడా పనికిమాలిన లింకులు ప్రతి సైటుకూ అంటుకుంటూనే ఉంటాయి. వాటిని గూగుల్ తనంతట తానే పక్కన పెడుతుంది. రోగం లేనివాడు మందు మింగితే మంచి లింకులూ పోతాయి.

చేతిపుస్తకంలో ఇరవై ఏడు పేర్లు

శిక్ష పోయింది గానీ, సైటు పైకి రాలేదు. కొన్న లింకులు పోగా మిగిలినవి మూడే. మళ్లీ మొదటికి వచ్చినట్టయింది. ఈసారి ఖర్చు పెట్టేందుకు డబ్బు లేదు. తండ్రీ కూతురూ కూర్చుని ఒక రాత్రి చేతిపుస్తకం తెరిచారు. "మనమెవరో తెలిసినవాళ్లు ఎవరెవరు నాన్నా?" అని ఆ అమ్మాయి అడిగింది. అడిగిన కొద్దీ పేర్లు వచ్చాయి. మొత్తం 27.

పన్నెండేళ్లుగా నెయ్యి సరఫరా చేసే డెయిరీ ఉంది. దానికి వెబ్‌సైటు ఉంది. అందులో "మా వాడుకదారులు" అన్న పేజీ ఉంది. ఆ నెయ్యి గురించి దుకాణదారు తన అనుభవం నాలుగు వాక్యాలు రాసి పంపారు. వారు దుకాణం పేరుతో, లింకుతో వేశారు. రాజమండ్రిలో అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సువారు తాము చేసిన పెట్టెల ఫొటోల పక్కన ఎవరికి చేశారో రాయడానికి ఒప్పుకున్నారు.

అమ్మాయి చదివే కళాశాలలో ఆహారోత్సవం జరిగినప్పుడు తల్లి వెళ్లి విద్యార్థుల ముందు రేకు తీసి చూపించింది. కళాశాల సైటులో ఆ వార్త ఉంది, ఫొటో ఉంది, "ఆత్రేయపురం నుంచి వచ్చిన మహిళ" అని ఉంది. దుకాణం పేరు లేదు. ప్రిన్సిపాల్ గారిని అడిగితే ఆ పూటే పేరూ, లింకూ చేర్పించారు.

వాడపల్లి వెంకన్న దర్శనానికి శనివారాల్లో వచ్చే భక్తజనంలో ఎందరో దారిలో ఆగి పూతరేకులు కొనుక్కుపోతారు. వారిలో యాత్రల గురించి రాసేవారూ ఉంటారు. దుకాణం పేరును గూగుల్‌లో వెతికితే, ఇదివరకే తమ గురించి మంచిగా రాసినవారు నలుగురు దొరికారు. పేరైతే రాశారు గానీ, లింకు ఇవ్వలేదు. వారికి మూడేసి వాక్యాల ఉత్తరం వెళ్లింది. "మా దుకాణం గురించి మీరు రాసినది చదివి ఇంటిల్లిపాదీ సంతోషించాం. చదివినవారు మమ్మల్ని చేరుకునేందుకు వీలుగా మా సైటు చిరునామా చేర్చగలరా? వీలుకాకపోయినా మీ మాటకు కృతజ్ఞులం" అని. నలుగురిలో ముగ్గురు చేర్చారు.

పండగ పెట్టె పేచీ

ఈ దశలో ఇంట్లో ఒక వాగ్వాదం జరిగింది. యాత్రలు రాసేవారందరికీ తలా కిలో పూతరేకుల పెట్టె పంపి, లింకు వేయమని అడుగుదామని తండ్రి అన్నారు. కూతురు వద్దంది. సరుకు ఇచ్చి లింకు తీసుకోవడమూ కొనడం కిందికే వస్తుందని గూగుల్ నియమం. అలా ఇచ్చిపుచ్చుకున్నప్పుడు ఆ లింకుకు "ఇది ప్రతిఫలంతో వేసినది" అని తెలిపే గుర్తు తగిలించాలి. దాన్ని స్పాన్సర్డ్ అంటారు. ఆ గుర్తున్న లింకు చదువరులకు దారి చూపుతుంది గానీ, సిఫారసుగా చెల్లదు.

"గుమ్మం తొక్కిన మనిషికి రేకు పెట్టకుండా పంపుతామా? ఇదెక్కడి నియమం?" అని తండ్రికి కోపం వచ్చింది. గోదారి జిల్లాల్లో పుట్టినవారెవరికైనా రావలసిన కోపమే అది.

"పెట్టు నాన్నా. వచ్చినవాళ్లందరికీ పెట్టు. పెట్టి ఊరుకో. పెట్టినందుకు లింకు అడిగితే అది మర్యాద కాదు, బేరం" అంది కూతురు.

ఆయన ఒక పూటంతా మాట్లాడలేదట. మర్నాడు తానే అన్నారు, "అమ్మాయి చెప్పింది నిజమే. పెట్టి అడిగితే పెట్టినట్టు కాదు" అని. అమెరికాలోని ఒక ఊరి తెలుగు సంఘం సంక్రాంతి వేడుకకు ఈయన అంతకుముందు పూతరేకులు పంపి ఉన్నారు. ఆ సంఘం సైటులో దాతల పేర్లతో ఉన్న లింకుకు కూడా స్పాన్సర్డ్ గుర్తు పెట్టమని ఆయనే రాయించారు. "లింకు లెక్కలోకి రాకపోతే పోనీండి. అక్కడివాళ్లు చూసి ఆర్డరిస్తున్నారు, అది చాలు" అని నవ్వారు. అవును, లింకు అసలు పుట్టింది మనిషిని ఒకచోట నుంచి మరొకచోటికి చేర్చడానికే కదా.

చూడదగ్గది ఉంటేనే చూపిస్తారు

అడిగితే లింకు ఇచ్చేవారు కొందరు. అడగకుండానే ఇవ్వాలంటే మన సైటులో చూపదగ్గది ఏదో ఉండాలి. "కొనండి, కొనండి" అన్న పేజీని ఎవరు చూపిస్తారు? ఈ సంగతి గ్రహించి, అమ్మాయి ఒక పేజీ తయారుచేసింది. రేకు ఎలా తీస్తారు, కుండ ఎలా ఉంటుంది, మంటకు ఎండు కొబ్బరాకు ఎందుకు వాడతారు, పంచదార రేకుకూ బెల్లం రేకుకూ తేడా ఏమిటి, చెమ్మ తగలకుండా ఎలా దాచాలి, ప్రయాణంలో నలగకుండా ఎలా పట్టుకెళ్లాలి. ఇవన్నీ తల్లి చెబుతుంటే కూతురు తెలుగులో, ఇంగ్లీషులో రాసింది. సెల్‌ఫోనుతో పన్నెండు ఫొటోలు తీసి పెట్టింది.

ఈ పేజీకి పెట్టిన ఖర్చు రెండు ఆదివారాలు. ఆర్నెల్లలో దాన్ని తమంతట తాము చూపించినవారు ఐదుగురు. వారిలో వంటల గురించి రాసేవారు ఉన్నారు, ఒక ఉపాధ్యాయుడు ఉన్నారు. రేకు తీసే విద్యలో నలభై ఏళ్లు గడిపిన ఇల్లాలి మాట అది. దాన్ని ఇంకొకరు పుట్టించలేరు. ఎరువు తెచ్చుకోవలసిన పనిలేని ఆస్తి అంటే ఇదే.

27 ఉత్తరాలకు 11 జవాబులు వచ్చాయి. లింకులు వేసినవారు తొమ్మిదిమంది. అడగకుండా వచ్చినవి ఐదు. వెయ్యి లింకులు ముంచిన చోట పద్నాలుగు నిలబెట్టాయి. 2025 ఆగస్టుకు ఊరి పేరుతో పూతరేకులు వెతికితే సైటు మళ్లీ మొదటి పేజీకి చేరింది. దసరాకు అట్టపెట్టెలు కదిలాయి. పూర్వమంత కాదు, ముప్పాతిక వంతు. ఇదంతా లింకుల చలవేనని చెప్పలేం. శిక్ష తొలగడం, సైటు ఫోనులో త్వరగా తెరుచుకునేలా సరిదిద్దడం కూడా తోడయ్యాయి. అయినా దారి తప్పింది ఎక్కడో, దారిన పడింది ఎక్కడో ఆ కుటుంబానికి బాగా తెలుసు.

డబ్బు లేనివారు ఏం చేయాలి?

ఈ ఉదంతం నుంచి చిన్న వ్యాపారులు గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి.

సైటు పేరు, సెర్చ్ కన్సోల్ ఖాతా, ఈమెయిల్ మీ పేరుననే ఉండాలి. పని ఎవరికి అప్పగించినా తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. దుకాణం పేరు, చిరునామా, ఫోను నంబరు, తెరిచే వేళలు అందులో పెట్టండి. ఆ పేరూ చిరునామా అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ఒకచోట ఒకలా, ఇంకొకచోట ఇంకొకలా రాయవద్దు.

వ్యాపారుల పట్టికల సైట్లలో పేరు నమోదు చేసుకోవడం మంచిదే. అయితే చాలావాటిలో లింకుకు నోఫాలో అనే గుర్తు ఉంటుంది. సిఫారసుగా లెక్కించనవసరం లేదని తెలిపేందుకు 2005లో వచ్చిన గుర్తు అది. వికీపీడియాలో బయటి లింకులకు 2007 నుంచి ఆ గుర్తే ఉంటోంది. కనుక అక్కడ చొరబడి లింకు పెట్టుకుంటే సిఫారసు దక్కదు, పైగా తీసేస్తారు. వాడుకదారు రావచ్చునన్న చోటే నమోదు చేసుకోండి, లింకు కోసం కాదు.

"నువ్వు నాకు వెయ్యి, నేను నీకు వేస్తా" అనే వస్తుమార్పిడి మితిమీరితే అదీ దోషమే. నిజంగా ఇచ్చిపుచ్చుకునే వ్యాపారం ఉన్నవారు ఒకరినొకరు చూపించుకుంటే తప్పులేదు.

సరుకు ఇచ్చేవారు, సరుకు కొనేవారు, మీరు సభ్యులైన సంఘం, మీరు చదువుకున్న బడి, మీ గురించి రాసిన పత్రిక. ఈ ఐదు చోట్లా ముందు వెతకండి. ఎక్కడైనా సైటు పాతదై, పనిచేయని లింకు ఉంటే ఆ మాట వారికి చెప్పండి. అక్కడ మీ పేజీ పనికొస్తుందనుకుంటే అదీ చెప్పండి. ఉపకారం చేసి అడిగినవారి మాట వింటారు.

"గ్యారంటీ" అన్నవారికి దణ్ణం పెట్టి ఫోను పెట్టేయండి. మొదటి స్థానం ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

ఇది పూతరేకులకే చెందిన సంగతి కాదు. కడియం నర్సరీలవారు మొక్కను ఏ నెలలో నాటాలో, తెగులు వస్తే ఏం చేయాలో రాసి పెడితే, తోటల మీద మక్కువ ఉన్నవారు వెతుక్కుని వచ్చి చూపిస్తారు. ఉప్పాడ జాందానీ నేతగాడు మగ్గం మీద ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుందో చూపిస్తే, చీరల గురించి రాసేవారికి అంతకన్నా కావలసిందేముంది? ఏటికొప్పాక లక్క బొమ్మలవారు అంకుడు కర్రను ఎలా తిప్పుతారో, రంగు ఎలా పట్టిస్తారో చెబితే బడి పిల్లలకూ పాఠమవుతుంది. మన పనివాళ్ల చేతుల్లో ఉన్న విద్య ఇంకెక్కడా దొరకదు. దాన్ని నాలుగు మాటల్లో రాసిపెట్టుకోవడమే మనం మరిచిపోతున్నాం.

నేను ఆ దుకాణం నుంచి లేచి వస్తున్న వేళకు శనివారం జనం దిగుతున్నారు. వాడపల్లి నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆగి, "ఫలానావాళ్లు మీ దగ్గరే కొనమన్నారండీ" అంటూ లోపలికి వచ్చింది. ఆ ఫలానావాళ్లెవరో దుకాణదారుకు గుర్తులేదు. అయినా లేచి నిలబడి, ముందు తలా ఒక రేకు చేతిలో పెట్టారు. బేరం తర్వాత మాట్లాడారు.